మూడేళ్ళ పని, తేడా లేదన్న జవాబు

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. నా వయసు 34. జనరల్ మెడిసిన్‌లో ఎండీ చేశాక ఐసీయూలో చేరి ఇప్పటికి చాలా ఏళ్ళయింది. అంటువ్యాధులంటే చదువుకునే రోజుల నుంచీ ఆసక్తి. ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయే సెప్టిక్ షాక్‌లో విటమిన్ సి ఇస్తే మరణాలు తగ్గుతాయా అని 2019లో ఒక ట్రయల్ మొదలుపెట్టాం. అప్పట్లో అందరి నోటా అదే మాట. మధ్యలో కొవిడ్ వచ్చి ఆగింది, మళ్ళీ సాగింది, అనుకున్నంతమంది పేషెంట్లు దొరక్కుండానే మూడేళ్ళకి ముగిసింది. రెండు గ్రూపులకీ తేడా లేదని తేలింది. "దీన్ని ఏ జర్నల్ వేసుకుంటుందమ్మా, ఇంకో టాపిక్ చూసుకో" అన్నారు మా గైడ్. అప్పటి నుంచీ ఆ డేటా నా కంప్యూటర్లోనే ఉంది. అంటువ్యాధులు, క్రిటికల్ కేర్ రెండూ కావాలనుకోవడం రెండు పడవల మీద కాళ్ళు పెట్టడమేనని ఒక సీనియర్ అంటున్నారు. పరిశోధనలోనే ఉండాలంటే వార్డు వదిలేయాలా? ఎప్పుడూ అంటురోగాల మధ్యే ఉంటావని అమ్మ భయపడుతోంది. ఇంకొకటి కూడా చెప్పాలి. ఒక రాత్రి రెండు గంటలకి ఒక పేషెంటు కూతురి చేత ట్రయల్ కాగితాల మీద సంతకం చేయించుకున్నాను. ఆమె చేతులు వణుకుతుంటే ఫైలు నేనే పట్టుకున్నాను. తెల్లారేసరికి ఆమె తండ్రి పోయారు. ఆ సంతకం దేనికి పనికొచ్చిందో నాకిప్పటికీ అర్థం కావడం లేదు. ఈ దారిలో కొనసాగమంటారా?
— పేరు రాయవద్దని కోరిన ఒక డాక్టరు

సమాధానం:

మీరు అడిగిన వాటిలో కొన్నిటికి నాలుగు మాటలు చాలు. కొన్నిటి దగ్గర మాత్రం కాసేపు కూర్చోవాలి. ముందు ఆ రెండు పడవల సంగతి చూద్దాం.

ఉద్యోగాల లెక్కలో, పరీక్షల లెక్కలో మీ సీనియర్ మాట నిజమే కావచ్చు. కానీ ఐసీయూ అన్నది పుట్టిందే అంటువ్యాధుల ఆసుపత్రిలో. 1952లో కోపెన్‌హాగెన్ మీద పోలియో విరుచుకుపడింది. రోగులంతా బ్లెగ్‌డమ్ అనే అంటువ్యాధుల ఆసుపత్రికి చేరుతున్నారు. ఊపిరి కండరాలు చచ్చుబడినవాళ్ళకి అక్కడున్నవి ఒక ఇనుప ఊపిరితిత్తి (రోగిని లోపల పడుకోబెట్టి ఊపిరాడించే పెద్ద యంత్రం), ఛాతీకి తొడిగే చిన్న యంత్రాలు ఆరు. అలాంటి 31 మందిలో 27 మంది చేరిన మూడు రోజుల్లోపే చనిపోయారు. అక్కడి పెద్ద డాక్టరు లాసెన్ అంటువ్యాధుల నిపుణుడు. తన విద్య చాలడం లేదని గ్రహించి, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరును సలహాకి పిలిపించాడు.

రోగుల రక్తంలో బైకార్బనేట్ పెరిగి ఉండడం చూసి, అంతవరకూ అక్కడివాళ్ళు అదేదో క్షారం ఎక్కువైన లక్షణం అనుకుంటున్నారు. ఇబ్సెన్ శవపరీక్షల రిపోర్టులు, కేస్ షీట్లు చూసి వేరే మాట చెప్పాడు. వీళ్ళకి ఊపిరి చాలక కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతోంది, అంతే. ఆగస్టు 27న పన్నెండేళ్ళ పాపకి గొంతులో రంధ్రం చేసి, గొట్టం వేసి, రబ్బరు సంచీని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించాడు. ఆ పాప బతికింది. ఆ తర్వాత సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని రాత్రింబవళ్ళు సంచీలు నొక్కారు. మరణాల శాతం సగానికి పైగా పడిపోయింది. మరుసటి ఏడాది డిసెంబరులో ఇబ్సెన్ అదే నగరంలో, ఇంకో ఆసుపత్రిలో, ఈనాడు మనం ఐసీయూ అంటున్న వార్డును తెరిచాడు.

ఈ కథలో నాకు ఎప్పుడూ గుర్తుండేది సంచీ కాదు. ఒక అంటువ్యాధుల డాక్టరు తనకు రాని పనికి ఇంకొకరిని పిలిచాడే, అది. మీరు చేయాలనుకుంటున్న పరిశోధనకి మొదటి మెట్టు ఆ పిలుపే.

దగ్గరి ఉదాహరణ ఇంకొకటి. రక్తంలో బ్యాక్టీరియా దొరికిన పేషెంటుకి యాంటీబయాటిక్ ఎన్నాళ్ళివ్వాలి? 7 రోజులని ఒకరు, 14 అని ఇంకొకరు, ఎవరి అలవాటు వాళ్ళది. టొరంటోలో ఒకే ఆసుపత్రిలో పనిచేసే ఇద్దరు, అంటువ్యాధుల డాక్టరు నిక్ డేన్‌మన్, ఐసీయూ డాక్టరు రాబ్ ఫౌలర్, కలిసి ఆ ప్రశ్న పట్టుకున్నారు. బ్యాలెన్స్ అని దాని పేరు. చిన్న పైలట్ అధ్యయనంగా మొదలై ఏడు దేశాల్లో 74 ఆసుపత్రులకి విస్తరించింది. 3608 మంది పేషెంట్లు చేరారు. పదేళ్ళ పని. 2024లో ఫలితం వచ్చింది. 90 రోజుల్లో మరణాలు 7 రోజుల గ్రూపులో 14.5 శాతం, 14 రోజుల గ్రూపులో 16.1 శాతం. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఉన్నవాళ్ళనీ, రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవాళ్ళనీ చేర్చుకోలేదు కాబట్టి వాళ్ళకిది వర్తించదు. మిగిలినవాళ్ళకి 7 రోజులు ఏమాత్రం తీసిపోదని తేలింది. ఈ ప్రశ్నను అంటువ్యాధుల విభాగం ఒక్కటే పట్టుకుని ఉంటే ఐసీయూ పేషెంట్లు దొరికేవారు కాదు. ఐసీయూ ఒక్కటే పట్టుకుని ఉంటే ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని వదిలేయాలి అన్న దగ్గరే చిక్కుపడేది.

అందుకని నా సలహా ఇది. డ్యూటీకి ఒక శాఖను ఎంచుకోండి. మీరు ఇప్పటికే ఐసీయూలో ఉన్నారు, అదే ఉంచుకోండి. ప్రశ్నలు మాత్రం రెండో శాఖ నుంచి తెచ్చుకోండి. ఫెలోషిప్ దొరికితే సంతోషం. దొరక్కపోయినా మైక్రోబయాలజీ ల్యాబులో మూడు నెలలు కూర్చోండి. రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూడటానికి మనం తీసి పంపిన బ్లడ్ కల్చర్ సీసా అక్కడికి వెళ్ళాక ఏమవుతుందో కళ్ళారా చూడండి. పెద్దవాళ్ళకి ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం పడాలి. హడావిడిలో మనం రెండో మూడో వేసి పంపి, "కల్చర్‌లో ఏమీ రాలేదు" అని కేస్ షీట్‌లో రాసేస్తాం. అలాంటి సీసాల మీద కట్టిన ట్రయల్ ఎంత గట్టిదో ల్యాబులో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. నాకది చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక మీ ట్రయల్ సంగతి. మీ గైడ్ మాటతో నేను ఒప్పుకోను. అంతకన్నా, ఆ డేటా ఇన్నాళ్ళు మీ కంప్యూటర్లోనే ఉండిపోవడం నాకు బాధ కలిగించింది. మిమ్మల్ని నొప్పించాలని కాదు, ఈ విషయంలో మెత్తగా మాట్లాడటం నాకు చేతకాదు.

విటమిన్ సి కథ ఎక్కడ మొదలైందో మీకు తెలుసు. 2017లో ఒక ఆసుపత్రి నుంచి చిన్న రిపోర్టు వచ్చింది. హైడ్రోకార్టిసోన్, థయమిన్‌తో కలిపి విటమిన్ సి ఇచ్చిన 47 మందిని, అంతకు ముందు నెలల్లో అది లేకుండా వైద్యం పొందిన 47 మందితో పోల్చారు. మరణాలు 40.4 శాతం నుంచి 8.5 శాతానికి దిగాయన్నారు. మందు చవక, అందరికీ తెలిసినది, ప్రమాదం లేదనిపించేది. ఐసీయూలో రాత్రిపూట బీపీ నిలబడని పేషెంటు పక్కన నిలుచున్నవాడికి ఇంతకన్నా ఏం కావాలి? చాలామంది ట్రయల్ కోసం ఆగకుండా వాడటం మొదలుపెట్టారు. వాళ్ళను నేను తప్పుపట్టలేను, ఆ రాత్రులు నాకూ తెలుసు. అయితే ముందు కాలాన్ని వెనక కాలంతో పోల్చినప్పుడు మందు ఒక్కటే మారదు. నర్సుల సంఖ్య, ఋతువు, పేషెంట్లను త్వరగా గుర్తుపట్టడం, అన్నీ మారతాయి. ఎవరికి మందు పడాలో చీటీ తీసినట్టు నిర్ణయించి చూస్తే తప్ప అసలు సంగతి బయటపడదు.

అలా చూసిన పెద్ద ట్రయల్ లోవిట్. 2022లో వచ్చింది. ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా దెబ్బతీసే సెప్సిస్‌తో ఐసీయూలో ఉండి, బీపీ నిలబెట్టే మందులు నడుస్తున్న 872 మందిని చేర్చుకున్నారు. 28 రోజుల నాటికి చనిపోయినవాళ్ళు, లేదా ఇంకా వెంటిలేటర్, డయాలసిస్, బీపీ మందుల మీద ఉన్నవాళ్ళు కలిపి విటమిన్ సి గ్రూపులో 44.5 శాతం, ఉత్త ద్రావణం పొందిన గ్రూపులో 38.5 శాతం. మేలు లేకపోగా కీడు వైపే మొగ్గింది. ప్రమాదం లేదనిపించిన మందు అది.

ఇప్పుడు మీ ఫలితాన్ని దీని పక్కన పెట్టి చూడండి. మీది చిన్న ట్రయల్. కాబట్టి "తేడా లేదు" అని రాసే హక్కు మీకు లేదు. "తేడా కనిపించలేదు" అని మాత్రం రాయగలరు. ఈ రెండు మాటలకీ మధ్య ఎంతో దూరం ఉంది. మీ స్టాటిస్టీషియన్ చేత విశ్వాస అవధి కట్టించండి. నిజమైన తేడా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఎక్కడైనా ఉండవచ్చని నిజాయితీగా వేయండి. అనుకున్నంతమంది దొరకలేదనీ, కొవిడ్ వల్ల ఎన్ని నెలలు ఆగిందో, ఆగిన ముందూ వెనకా పేషెంట్లలో తేడా ఉందేమో కూడా రాయండి. ఇలాంటి చిన్న ట్రయల్స్ అన్నీ కలిపి లెక్కవేసే రోజు వస్తుంది. మెరిసినవి అచ్చై, మెరవనివి అల్మారాలో ఉండిపోతే, ఆ మొత్తం లెక్క తప్పుతుంది. ఆ తప్పుడు లెక్క చూసి ఎక్కడో ఒక డాక్టరు ఎవరికో ఆ మందు ఎక్కిస్తాడు. మీ డేటా బయటికి రాకపోతే జరిగే నష్టం అది. పేరున్న జర్నల్ వేసుకోకపోవచ్చు. చిన్న జర్నల్‌కి పంపండి. అదీ కుదరకపోతే, ట్రయల్ నమోదు చేసిన రిజిస్ట్రీలో ఫలితం ఎక్కించండి, జర్నల్‌లో రాకముందే అందరూ చదివేలా ప్రీప్రింట్‌గా పెట్టండి. ఎక్కడ వచ్చిందన్నది రెండో మాట.

మన శాఖలో "పనిచేయలేదు" అన్న జవాబు ఎంత విలువైనదో ఇంకో ట్రయల్ చెబుతుంది. ఇది నేను కొత్తగా వచ్చే ప్రతి జూనియర్‌కీ చెబుతాను. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో, రక్తప్రసరణ దెబ్బతిన్న పిల్లలకి వెంటనే సెలైన్ గబగబా ఎక్కించాలని మనమందరం చదువుకున్నాం. క్యాథరిన్ మైట్‌లాండ్ బృందం ఆ పనినే ప్రశ్నించింది. ఉగాండా, కెన్యా, టాంజానియా ఆసుపత్రుల్లో 3141 మంది పిల్లలతో చేసిన ఫీస్ట్ ట్రయల్ ఫలితం 2011లో వచ్చింది. గబగబా ఆల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్‌తో చేసిన ద్రావణం) ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లోపు మరణాలు 10.6 శాతం. సెలైన్ ఎక్కించినవాళ్ళలో 10.5. అలా ఎక్కించకుండా నిదానంగా నడిపినవాళ్ళలో 7.3. అంటే వందమందికి అదనంగా ముగ్గురు పిల్లలు. ఇందులో నన్ను కుదిపేసిన సంగతి వేరే ఉంది. ద్రవాలు ఎక్కించిన పిల్లల్లో మొదటి గంటలో షాక్ లక్షణాలు ఎక్కువగా తగ్గాయి. మంచం పక్కన నిలబడి చూస్తున్న డాక్టరుకి పిల్లవాడు కోలుకుంటున్నట్టే కనిపించి ఉంటాడు. ఆ డాక్టరు కళ్ళు చూసింది నిజమే. కాకపోతే ఆ కళ్ళకి రెండో రోజు కనిపించదు.

అక్కడ వెంటిలేటర్లు లేవు, మన ఐసీయూలకి అది యథాతథంగా వర్తించదు అని వాదించినవాళ్ళున్నారు. ఆ వాదంలో బలముంది. జాంబియాలో పెద్దవాళ్ళ మీద చేసి, 2017లో ఫలితం ప్రచురించిన ట్రయల్‌లో కూడా ద్రవాలు, బీపీ మందులు ముందుగా ఇచ్చే పద్ధతిలో మరణాలు 48.1 శాతం ఉంటే, మామూలు వైద్యంలో 33 శాతమే. ఏ చోట పుట్టిన జవాబు ఏ చోటికి సరిపోతుందన్నది విడిగా అడగవలసిన ప్రశ్న. ఒక జీవితకాలం దానికే పెట్టినా చాలదు. మీకింకా టాపిక్ దొరకలేదంటే, ఇది తీసుకోండి.

కోపెన్‌హాగెన్‌లో ఎవరూ చీటీలు తీయలేదు. పదిమందిలో తొమ్మిదిమంది పోతున్నచోట సగానికి పైగా బతకడం మొదలైతే అది కళ్ళకే కనిపిస్తుంది. ఈనాడు మనం వెతుకుతున్న తేడాలు అంత పెద్దవి కావు. మూడు శాతం తేడాను ఎంత అనుభవజ్ఞుడైనా కళ్ళతో పట్టలేడు. అందుకే ట్రయల్, అందుకే వేలమంది, అందుకే ఏళ్ళు.

వార్డు వదిలేయాలా అన్నారు. వదలొద్దు. ఇక్కడ నాకు సందేహం లేదు. మీ ప్రశ్నలు పుట్టేది మంచం పక్కన. నేను చాలా ఏళ్ళుగా ఒక పని చేస్తున్నాను. ప్రతి రౌండ్ అయ్యాక, ఆ రోజు మేం చేసిన వాటిలో ఎవరూ "ఎందుకు" అని అడగని పని ఒకటి నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఈ పేషెంటుకి పదో రోజు యాంటీబయాటిక్ ఎందుకు నడుస్తోంది? జ్వరం లేకపోయినా ఈ పరీక్ష రోజూ ఎందుకు పంపుతున్నాం? చాలావాటికి జవాబు ఎవరో ఎప్పుడో కనిపెట్టేసి ఉంటారు, సాయంత్రం వెతికితే దొరుకుతుంది. దొరకనివి అక్కడే మిగులుతాయి. ఆర్నెల్ల తర్వాత తిరగేస్తే, పదేపదే వచ్చిన ప్రశ్న ఒకటి కనిపిస్తుంది. టాపిక్ అంటే అదే. జర్నల్స్‌లో ఈ ఏడాది ఏది నడుస్తోందో చూసి ఎంచుకున్న టాపిక్, మీ ట్రయల్ పూర్తయ్యేసరికి పాతబడుతుంది. విటమిన్ సి విషయంలో మీకు జరిగింది కొంత అదే.

కాకపోతే వార్డులో ఉండడానికీ వార్డులో మునిగిపోవడానికీ తేడా ఉంది. వారానికి కనీసం రెండు రోజులు పరిశోధనకని రాతపూర్వకంగా అడగండి. నేను అడగలేదు. నైట్ డ్యూటీ చేసి, పొద్దున ఇంటికి వెళ్ళేముందు ట్రయల్ ఫారాలు నింపేవాణ్ణి. ఒకసారి ఆడిట్‌లో చూస్తే, నేను నింపిన వాటిలో కొన్నిటిలో తేదీలు తారుమారు. నిద్ర లేని చేత్తో రాసినవి. ఆ ఫారాలన్నీ అసలు కేస్ షీట్లతో మళ్ళీ సరిచూడటానికి మా రిసర్చ్ నర్సు వారాల తరబడి కూర్చుంది. అది ఆమె మీద నేను వేసిన భారం. మంచి రిసర్చ్ నర్సు దొరికితే మీ సగం పని అయినట్టే. పేపర్ మీద ఆమె పేరు ఉండేలా చూడండి. స్టాటిస్టీషియన్ని మొదటి పేషెంటు చేరకముందే కలవండి. ఎంతమంది కావాలి, అంతమంది మీ ఒక్క ఆసుపత్రిలో ఎన్నేళ్ళకి వస్తారు అని ఆయన వేసే లెక్క చూసి చాలా ట్రయల్స్ అక్కడే ఆగిపోవాలి, లేదా పక్క ఆసుపత్రులతో చేతులు కలపాలి.

మన శాఖ ఒంటరివాళ్ళకి లొంగదు. 2009లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి వచ్చినప్పుడు ట్రయల్స్ అనుమతులు తెచ్చుకునేసరికి అల దాటిపోయింది. ఆ దెబ్బ తిన్నవాళ్ళే ఆ తర్వాత, ఏ మహమ్మారీ లేని ప్రశాంతమైన రోజుల్లో, రీమాప్-క్యాప్ అనే ట్రయల్‌ని న్యుమోనియా పేషెంట్ల కోసం కట్టి, రేపు మహమ్మారి వస్తే ఎలా మారాలో అందులోనే రాసి పెట్టుకున్నారు. 2020లో కొవిడ్ వచ్చినప్పుడు అది పనికొచ్చింది. బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ మార్చి 19న మొదటి పేషెంటుని చేర్చుకుంది. మూడు నెలలు తిరక్కుండా జూన్ 16న డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు ఫలితం ప్రకటించింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ కూడా అవసరం లేనివాళ్ళలో మాత్రం మేలు కనిపించలేదు. అంటే జబ్బు ఏ దశలో ఉందన్నది తెలియకుండా మందు మంచిదా చెడ్డదా అని అడగడమే పొరపాటు. రికవరీకి నాయకులు ఇద్దరు, అంటువ్యాధుల నిపుణుడు పీటర్ హార్బీ, ట్రయల్స్ కట్టడంలో ఆరితేరిన మార్టిన్ లాండ్రే. అదే ట్రయల్ హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆసుపత్రిలో చేరినవాళ్ళని కాపాడదని కూడా తేల్చింది. డెక్సామెథసోన్ జవాబును అందరూ గుర్తుంచుకున్నారు. నాకు రెండూ సమానమే.

అమ్మగారి భయం గురించి. ఆమెకి భయపడాల్సిన పని లేదని నేను చెప్పలేను. హనోయ్‌లో సార్స్‌ని మొదట గుర్తుపట్టి ప్రపంచాన్ని హెచ్చరించిన కార్లో ఉర్బానీ 2003 మార్చి 29న అదే జబ్బుతో చనిపోయాడు. సియెరా లియోన్‌లో ఎబోలా వార్డు నడిపిన షేక్ ఉమర్ ఖాన్ 2014 జూలైలో ఎబోలాతోనే పోయాడు. ఆయన సహరచయితగా ఉన్న ఎబోలా జన్యుక్రమాల పేపర్ అచ్చయ్యేనాటికి, ఆయనతో కలిపి ఐదుగురు రచయితలు అదే జబ్బుతో పోయారు. అమ్మకి ఇవన్నీ చెప్పమనను. కానీ "ఏమీ కాదమ్మా" అని కూడా అనకండి. టీకాలు వేయించుకున్నాననీ, రక్షణ దుస్తులు వేసుకోవడం కన్నా విప్పడంలోనే ప్రమాదం ఎక్కువ కాబట్టి విప్పేటప్పుడు పక్కన ఒకరిని నిలబెట్టుకుంటాననీ, అలసిపోయినప్పుడు ఇంకొకరికి అప్పగించి బయటికి వస్తాననీ చెప్పండి. చెప్పినవి చేయండి.

ఇప్పుడు ఆ రాత్రి రెండు గంటల దగ్గరికి వస్తాను. ఉత్తరం చివర రాశారు కానీ, మీరు అసలు అడగాలనుకున్నది ఇదేనని నాకనిపించింది.

ఐసీయూలో పేషెంటు తనంతట తను సంతకం పెట్టలేడు. నోట్లో గొట్టం ఉంటుంది, స్పృహ ఉండదు. బయట కుర్చీలో కూర్చున్న ఎవరో ఒకరు, బహుశా జీవితంలో అంతకన్నా కష్టమైన రాత్రి ఎరగనివాళ్ళు, వాళ్ళ తరఫున నిర్ణయం చెప్పాలి. కొన్ని ట్రయల్స్‌లో, క్షణాల మీద వైద్యం మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడు, ఎథిక్స్ కమిటీ ముందుగానే ఒప్పుకుంటే, చికిత్స మొదలుపెట్టి పూర్తి సమ్మతి తర్వాత తీసుకుంటారు. ఫీస్ట్‌లో అలాగే చేశారు. అది సరైనదేనా అని నేను ఏళ్ళ తరబడి ఆలోచించాను. ఆ పద్ధతి లేకపోతే అత్యవసరంలో ఉన్నవాళ్ళ వైద్యం గురించి మనకి ఎప్పటికీ ఏమీ తెలియదు. అయినా తర్వాత వెళ్ళి "మీ బిడ్డని ఇందులో చేర్చాం" అని చెప్పవలసిన మనిషి గుండె ఎలా కొట్టుకుంటుందో నాకు తెలుసు.

నా తొలి రోజుల్లో ఒక తండ్రికి నేను ట్రయల్ గురించి గబగబా చెప్పుకుపోతున్నాను. రెండు పద్ధతులున్నాయి, ఏది మంచిదో చూస్తున్నాం, మీరు కాదన్నా వైద్యంలో లోటుండదు. ఆయన అంతా విని, "అయితే మీకు తెలియదా డాక్టరుగారూ?" అన్నాడు. కోపంగా అనలేదు. భయంగా అన్నాడు. నేను కాగితంలోకి చూశాను. కాగితంలో దానికి జవాబు లేదు. మా నర్సు ఒకామె ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "తెలియదండీ. ఎవరికీ తెలియదు. తెలుసుకోవడానికే అడుగుతున్నారు" అంది. ఆయన కాసేపు ఆలోచించి వద్దన్నాడు. అది ఆయన హక్కు. మేం మామూలు వైద్యం చేశాం. ఆ రోజు నుంచీ నేను నిలబడి సంతకం అడగలేదు. ముందు కూర్చుంటాను. ముందు తెలియదని చెబుతాను. ఆ తర్వాతే కాగితం.

మీరు ఆమె ఫైలు పట్టుకున్నారన్నారు. మీరు ఆమె పక్కన ఉన్నారని నాకు అర్థమైంది. తండ్రి పోవడానికీ ఆ సంతకానికీ సంబంధం ఉందని మీరు లోలోపల భయపడుతున్నారేమో. సెప్టిక్ షాక్‌లో ఆ స్థితికి చేరినవాళ్ళలో ఎంతమంది తెల్లారేలోపు పోతారో మీరు ప్రతి వారం చూస్తున్నారు. ఒక పేషెంటు విషయంలో ఏ మందు ఏం చేసిందో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. అలా చెప్పలేం కాబట్టే ట్రయల్ పెట్టారు. అయితే ఆ సంతకం దేనికి పనికొచ్చిందన్న ప్రశ్నకి జవాబు ఇంకా మీ చేతుల్లోనే ఉంది. ఆమె తన తండ్రిని చేర్చడానికి ఒప్పుకున్నది, తర్వాత వచ్చేవాళ్ళకి ఏదో తెలుస్తుందని. ఆ తెలిసినది మీ కంప్యూటర్లో ఉన్నంతకాలం ఆమెకి మీరిచ్చిన మాట చెల్లలేదు.

అందుకని పేపర్‌తో పాటు ఇంకో కాగితం రాయండి. ఒక్క పేజీ, డాక్టర్ల భాష లేకుండా. మేం ఏం అడిగాం, ఎలా చూశాం, ఏం కనిపించింది, ఆ తర్వాత వేరేచోట్ల జరిగిన పెద్ద ట్రయల్స్ ఏం చెప్పాయి, ఈ మందును ఇప్పుడు ఎందుకు వాడటం లేదు. సంతకం చేసిన ప్రతి కుటుంబానికీ అది పంపడానికి ఎథిక్స్ కమిటీ అనుమతి అడగండి. పంపేది ఎవరికి, ఎలా, తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్ళను ఎలా వదిలేయాలి అన్నవి వాళ్ళతో కూర్చుని తేల్చుకోండి. కొందరు జవాబివ్వరు. కొందరికి పాత గాయం రేగుతుంది, వాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తడానికి మీరే ఉండండి, జూనియర్‌కి అప్పగించకండి. మా నాన్నకి మందు పడిందా, ఉత్త ద్రావణం పడిందా అని ఆమె అడగవచ్చు. ఇప్పుడు లెక్కలు తెరిచారు కాబట్టి మీకు తెలుస్తుంది. అడిగితే నిజం చెప్పండి, వీలైతే ఎదురుగా కూర్చుని. అడగకపోతే మీరుగా చెప్పకండి.

కొనసాగమంటారా అని అడిగారు. కొనసాగండి. కమిటీకి దరఖాస్తు ఈ వారంలోనే పెట్టండి. అనుమతి వచ్చాక మొదటి కవరు మీద ఆ కూతురి పేరు రాయండి.